పదడుగుల దూరాన బెల్లం

హగరి ఏటి ఒడ్డున రాతిగుట్ట కింద సిద్ధప్పతాత ఉండేవాడు. ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పజెప్పి, అది పూర్తయ్యాక మళ్ళీ అడగమనేవాడు. చాలామంది ఆ రెండోసారి దాకా ఆగలేక దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవారు. ఓబులేసు ఆగాడు. ఆగడం తప్ప అతనికి అప్పటికి వేరే పని లేదు.

ఓబులేసు రాళ్ళు కొట్టే మనిషి, నలభై ఆరేళ్ళవాడు. ఆరేళ్ళ కిందట క్వారీలో బండ జారి ఎడమ తుంటి మీద పడింది. నాటుకట్టు కట్టించారు, పెద్దాసుపత్రికి తీసుకుపోయారు, ఎముక అతుక్కుంది. నొప్పి మాత్రం తుంటి నుంచి మడమ దాకా అలాగే ఉండిపోయింది. మొదటి ఏడు అరిచాడు. రెండో ఏడు మూలిగాడు. ఆ తర్వాత అదీ మానేశాడు. సుత్తి అటకెక్కింది. సంతకు పోవడం, బీడీ వెలిగించుకుని నలుగురిలో కూర్చోవడం, భార్య ఈరమ్మతో పోట్లాడడం, ఒకదాని వెనక ఒకటి అతన్ని విడిచిపోయాయి. ఒకరోజు ఉదయం కర్ర ఊనుకుంటూ తాత దగ్గరికి వచ్చాడు.

"తాతా, నాకు దేనిమీదా ఆశ లేదు. తిండిమీద లేదు, పెండ్లాంమీద లేదు, పేరుమీద లేదు. ఇదే వైరాగ్యమైతే నాకు దీక్ష ఇయ్యి."

తాత అతని ముఖంలోకి కాసేపు చూసి, గుట్ట నీడలో నిలబడ్డ ఒక ఆడగాడిదను చూపించాడు. "దాన్ని చూసుకో. ఒక నెల పోయినాక అడుగు."

అది బూడిదరంగు గాడిద. క్వారీ వాళ్ళు చాలాకాలం దానితో రాళ్ళు మోయించి, ఎంత కొట్టినా కదలడం లేదని తెచ్చి అక్కడ వదిలేసి పోయారు. దానికి పనిమీద మనసు లేదన్నారు. ఓబులేసు గుట్ట దగ్గరే ఉండిపోయి రోజూ దాని ముందర గడ్డి వేసేవాడు, తొట్టి దగ్గరికి నెమ్మదిగా నడిపించి నీళ్ళు తాగించేవాడు. వేసిన చోట తినేది. నాలుగడుగుల అవతల పచ్చగా ఉన్న గరికను కన్నెత్తి చూసేది, పోయేది కాదు. బాటమీద తోటి గాడిదలు ఓండ్రపెడుతూ పోతుంటే చెవులు లేచేవి, కాళ్ళు లేచేవి కావు. పది రోజులు చూసేసరికి ఓబులేసుకు దానిమీద ఒక విధమైన గౌరవం కలిగింది.

"ఇది నాకన్నా ముందే తరించింది, తాతా. దీనికి ఏమీ అక్కరలేదు" అన్నాడు.

తాత లోపలికి పోయి అచ్చుబెల్లం ముక్కలు రెండు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "ఒకటి నోటికందించు. ఇంకొకటి పదడుగుల దూరాన పెట్టు."

మొదటి ముక్క నోటికందగానే గాడిద కళ్ళు సగం మూసుకుంది. చప్పరిస్తూ చప్పరిస్తూ తిన్నది. బెల్లం అయిపోయాక అతని అరచేయి నాకింది, వేళ్ళ సందులు వెదికింది, చొంగ కారుతుంటే మళ్ళీ చేయి నాకింది. ఓబులేసు తెల్లబోయాడు. రెండో ముక్కను పదడుగుల అవతల చదునురాతి మీద పెట్టి వచ్చాడు. గాడిద దానివైపు చాలాసేపు చూసింది. ముక్కుపుటాలు కదిలాయి. తర్వాత పొడుగ్గా ఒక ఊపిరి విడిచి తల దించుకుంది. మధ్యాహ్నానికి బెల్లానికి చీమలు పట్టాయి.

ఆ పూట అతనికి అన్నం సహించలేదు. గాడిదనే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు కనపడింది అతనికి, అది నిలబడే తీరు. ముందరి ఎడమకాలు నేలకు ఆనీ ఆననట్టు పెట్టి, బరువంతా కుడివైపుకు తోసి, ఉండుండి కొంచెం సర్దుకుంటోంది. ఆరేళ్ళుగా తానూ అలాగే నిలబడుతున్నాడు. ఊళ్ళో ఇంకెవరు చూసినా అది తెలిసేది కాదు.

మరునాడు లాడాలు కొట్టే మస్తాన్ సాయిబును పిలిపించాడు. సాయిబు గిట్ట చెక్కుతూ చెక్కుతూ పోతే లోపల చీము, చీము కింద గోరంత రాతిపెచ్చు బయటపడ్డాయి. "ఎప్పటిదో పాపం! దీన్ని పెట్టుకొనే ఇంతకాలం మోసింది" అన్నాడు సాయిబు. క్వారీ పెచ్చే అది. ఓబులేసు దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసి పంచె కొంగున ముడివేసుకున్నాడు.

నలభై రోజులు వేపాకు పసుపు నూరి కట్టు కట్టాడు, గోనెపట్టా చుట్టాడు. తన కాలు పీకుతున్నా వంగి, గిట్టను ఒళ్ళో పెట్టుకుని కడిగాడు. నెల దాటిపోయింది, తాతను అడగాల్సింది అడగనే లేదు. పుండు మానింది. గాడిద కాలు నిండుగా నేలమీద మోపింది. తాడు పట్టుకుని హగరి దాకా నడిపించి మళ్ళీ వెనక్కి తెచ్చాడు, కుంటు లేదు. అతని ముఖంలో ఎన్నో ఏళ్ళకు నవ్వులాంటిది కనపడింది. తానే అడిగి బెల్లంముక్క తెచ్చుకుని పదడుగుల దూరాన పెట్టాడు.

గాడిద చూసింది. ముక్కుపుటాలు కదిలాయి. తల దించుకుంది.

"కాలు బాగైంది గదే! లేచి నాలుగడుగులు వెయ్యడానికేం!" అని ఓబులేసు గట్టిగా అరిచాడు. అరిచి, ఉన్నపళంగా ఆగిపోయాడు. ఆ మాట తనది కాదు, ఈరమ్మది. ఎముక అతుక్కుంది గదయ్యా, లేచి నాలుగడుగులు వెయ్యరాదా అని ఆమె ఏళ్ళతరబడి అడిగింది. మొదట బతిమాలింది, తర్వాత తిట్టింది, చివరికి ఏమీ అనకుండా పళ్ళెం అతని పక్కన పెట్టి పోవడం మొదలుపెట్టింది. ఓబులేసు గాడిద మెడమీద చేయి వేసి అక్కడే కూలబడ్డాడు. అది కదలకుండా నిలబడింది.

ఆ సోమవారమే ఈరమ్మ వచ్చింది. చంకలో కూతురి బిడ్డ ఉంది. మూడు నెలల పాప. కూతురి ఇల్లు ఓబులేసు వీధికి పక్కవీధే అయినా అతను పోయి చూడలేదు.

"నువ్వు రావని మేమే వస్తిమి" అని ఆమె పాపను అతని ఒళ్ళో పెట్టింది. ఆ గొంతులో నిష్ఠూరం కూడా మిగల్లేదు.

పాప అతని చూపుడువేలు పట్టుకుంది. రాళ్ళు కొట్టి కాయలు కాచిన వేలు. ఓబులేసు పాప మాడు వాసన చూశాడు, అరికాళ్ళు కళ్ళకద్దుకున్నాడు. ఈరమ్మ వింతగా చూస్తూ నిలబడింది. పొద్దెక్కుతుంటే పాపను తీసుకుని, "మళ్ళీ చూడాలనిపిస్తే రా. తలుపు తీసే ఉంటాది" అని వెళ్ళిపోయింది.

వాళ్ళు బాట మలుపు తిరిగేదాకా ఓబులేసు చూశాడు. లేవాలనుకున్నాడు. కర్ర చేతిలోనే ఉంది. ఆ రోజు కాలు అంతగా పీకడం లేదు కూడా. అయినా ఎవరో లోపల దీపం ఆర్పేసినట్టు ఒళ్ళు అక్కడే ఉండిపోయింది. బాట ఖాళీ అయింది.

అలికిడికి తల తిప్పితే తాత పక్కన వచ్చి కూర్చుని ఉన్నాడు.

"నాకు దీక్ష వద్దు తాతా" అన్నాడు ఓబులేసు. కళ్ళు తుడుచుకోలేదు. "ఆశ చావలేదు. ఆ పసిదాన్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది. లేచి పోదామంటే పోలేకపోతి. కాలు చేసిన పని కాదు ఇది. మరి ఇది ఏందో చెప్పు."

గుట్టమీద ఎండ సగం దాకా దిగింది. ఆ తర్వాత తాత మెల్లగా, చిన్నపిల్లవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"నొప్పి ఎక్కడుందిరా?"

ఓబులేసు తుంటిమీద చేయి పెట్టాడు.

"అది బండ పడిన చోటు" అన్నాడు తాత. "కాలు చేసిన పని కాదంటివి గదా. ఇప్పుడు ఎక్కడుంది?"