మొగలి కంచె

శరభయ్య విస్తరి ముందు నుంచి విసురుగా లేచిపోయాడు. పక్కన గవరయ్య వచ్చి కూర్చున్నాడని!

సముద్రపు ఒడ్డున చిన్న శివాలయం, దాన్ని ఆనుకుని మఠం. అక్కడ సోమలింగం గారి దగ్గర చదువుకునే శిష్యుల్లో శరభయ్యంత నిష్ఠ కలవాడు లేడు. అబద్ధమంటే అతనికి ఒళ్ళు మండేది. అలాంటిది, తోటి శిష్యుడు గవరయ్య ఊరి పెద్దల ముందు దొంగసాక్ష్యం చెప్పాడు. వాళ్ళన్న ఎవరిదో వల కోసేస్తే, "మా అన్న ఆ రాత్రి మఠంలోనే పడుకున్నాడు" అనేశాడు. తెల్లారేసరికి మనసు ఊరుకోక తనే వెళ్ళి పెద్దల కాళ్ళ మీద పడి నిజం చెప్పేశాడనుకోండి. దాంతో అన్న ఇంట్లోంచి గెంటేశాడు. ఇప్పుడు అతనికి మఠం తప్ప తల దాచుకునే చోటు లేదు.

శరభయ్యకి ఇవేవీ పట్టలేదు. నేరుగా గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యవారూ, ఆ నోటితో వాడు శివుడి మంత్రం చదవడమేమిటి? వాడుంటే నేనుండను."

"సరే, పంపించేద్దాం," అన్నారు సోమలింగం గారు.

శరభయ్య తెల్లబోయాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు.

"అయితే న్యాయం అందరికీ ఒకటే ఉండాలి కదా నాయనా. మన కంచె నిండా మొగలి పొదలే. మొగలిపువ్వు శివుడి పూజకి ఎందుకు పనికిరాదు? బ్రహ్మ శివలింగం కొస చూశాడని దొంగసాక్ష్యం చెప్పిందనేగా! దాన్ని గుమ్మంలో పెట్టుకుని వీణ్ణి ఎలా పంపుతాం? ఇదిగో కత్తి. ముందు దాన్ని కొట్టెయ్. ఈలోగా గవరయ్య మూట కట్టుకుంటాడు."

గవరయ్య గుమ్మం పక్కనే ఉండి అంతా విన్నాడు. మూట కట్టుకోడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

శరభయ్య ఉత్సాహంగా ఇసకదిబ్బ ఎక్కాడు. ఎదురైన మొదటి మొగలినే పట్టుకున్నాడు. ఆకుల అంచులకి రెండు వైపులా ముళ్ళు, అడుగున నడిమి ఈనెకీ ముళ్ళే. చేతులు గీరుకుపోయాయి. అయినా ఆగలేదు. కాండం నుంచి మోచేతి లావు వేళ్ళు ఊతకర్రల్లా చుట్టూ నేలలోకి దిగి ఉన్నాయి. ముందు వాటిని కొట్టాడు. కసిగా ఒక్కొక్కటీ నరుక్కుంటూ పోయాడు.

ఆఖరి వేరు తెగింది. చెట్టు మెల్లగా వాలలేదు. కాళ్ళు నరికిన మనిషిలా దబ్బున కూలింది. దాంతోపాటే దిబ్బ పక్క విరిగింది.

బుస్సుమంటూ ఇసక జారింది. దిబ్బ కింద ఉన్నది మఠానికంతటికీ ఉన్న ఒకే ఒక్క మంచినీళ్ళ బావి. ఇసక ధారలు కట్టి దాని వరల మీదికి పోతోంది. శరభయ్య కత్తి పక్కన పడేసి, బోర్లా పడుకుని, రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఇసక అతని మోచేతుల మీంచి పొర్లిపోతూనే ఉంది.

"ఆపేశావేం?"

గురువుగారు దిబ్బ మీద నిలబడి ఉన్నారు.

"అయ్యవారూ! బావి పూడిపోతోంది!"

"నేను బావి సంగతి అడగలేదు. అది అబద్ధం ఆడిందా, లేదా?"

"ఆడింది, కానీ..."

"ఏదీ? ఇదేనా?" గురువుగారు వంగి, కూలిన చెట్టు తలని తిప్పారు. ఆకుల మధ్య అనాసపండులాంటి పెద్ద కాయ. "అబద్ధం ఆడింది పువ్వు కదా. ఆ వాసన పువ్వు పూసే చెట్టు కాయ కాయదు. కాయ కాసే చెట్టుకి ఆ పువ్వుండదు. ఇన్నేళ్ళుగా ఈ కంచె పక్కనే తిరుగుతున్నావు, నువ్వు చూడలేదూ?"

శరభయ్య ఆ కాయ వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు.

"పోనీలే. పువ్వు పూసేది అదిగో, ఆ పక్కది. దాన్ని కొట్టు."

శరభయ్య తలెత్తాడు. తెల్లటి రేకుల్లోంచి ఘుమఘుమలాడుతూ మొగలిపొత్తు. కింద దాని వేళ్ళు ఇసకని గుప్పిట పట్టినట్టు పట్టుకుని ఉన్నాయి. మిగిలిన దిబ్బంతా వాటి మీదే నిలబడి ఉంది. కొన్ని వేళ్ళు ఇంకా నేల అందక గాలిలో వేలాడుతున్నాయి.

గురువుగారు కత్తి తీసి, పిడి అతని వైపు పెట్టి అందించారు.

శరభయ్య వెనక్కి జరిగాడు. మఠం వైపు తిరిగి, గొంతు చీలేలా అరిచాడు.

"గవరా! ఒరే గవరా! పరిగెత్తుకు రారా, నా ఒక్కడి వల్లా కావటం లేదు!"

గవరయ్య ఎందుకని అడగలేదు. వచ్చీ రాగానే కూలిన చెట్టు మొదలు కింద భుజం పెట్టి, జారే ఇసకకి అడ్డంగా తోశాడు. శరభయ్య రెండో వైపు పట్టాడు. ఇసక మెల్లగా ఆగింది. ఇద్దరూ రొప్పుతూ చెట్టుకి చెరోవైపు కూలబడ్డారు.

"చేతులలా గీరుకుపోనాయేటన్నా? నెత్తురు కూడా కారతంది. దెబ్బేటైనా తగిలిందేటి?" అన్నాడు గవరయ్య.

శరభయ్య గవరయ్య ముఖంలోకి చూడలేకపోయాడు. తెగిన వేళ్ళ మొదళ్ళ మీదికి, దోసిళ్ళతో ఇసక ఎగదోస్తూ ఉండిపోయాడు.