రాజుగారి ప్రశ్నల కొలువు

మాటలకు ఎన్నడూ కరువు రాని ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు పసిడికొండ, రాజు పేరు రణధీరభూపతి. లోకం పోకడ తెలుసుకోవడమంటే తనకు మహా ఇష్టమని ఆయనే చెప్పుకునేవాడు. అందుకోసం ప్రశ్నల కొలువు పెట్టాడు. దేశదేశాల మంత్రులు, సేనాపతులు, పీఠాధిపతులు, ఓడలు నడిపే షావుకార్లు వచ్చి కూర్చోవాలి. ఏ రాజ్యంలో ఏం జరుగుతోందో, జనం ఏమనుకుంటున్నారో రాజు అడగాలి, వాళ్లు చెప్పాలి, సభ వినాలి.

అడగడం వరకు బాగానే ఉండేది. కానీ రాజుగారి ప్రశ్న ఆయన ముత్తాత దగ్గర మొదలై, గెలిచిన యుద్ధాలన్నీ చుట్టబెట్టి, జవాబు కూడా తానే చెప్పేస్తే గానీ ఆగేది కాదు. చివర్లో "అంతేనంటారా?" అనేవాడు. అతిథి తలూపేవాడు. "ఎంత బాగా చెప్పాడో చూశారా!" అని రాజు మురిసిపోయి శాలువా కప్పేవాడు.

కొందరు గడుసు అతిథులు రాజు ఇచ్చిన తాంబూలం ఉమ్మి వస్తామని బయటికి వెళ్లి, అటు నుంచి అటే గుర్రమెక్కి పోయేవారు. రాజుకు ఒళ్లు మండింది. కొలువులో తాంబూలం పుచ్చుకున్నవారెవరైనా సరే, ఇచ్చినవారి మాట పూర్తయ్యేదాకా లేవకూడదు, ఉమ్మకూడదు అని శాసనం చేసి, సభలో స్తంభం మీద చెక్కించాడు.

వచ్చిన అతిథుల మర్యాదలు చూసే ఉద్యోగం ఓబయ్యది. ఒకసారి ముత్యాలదీవి నుంచి సూరమదేవి వచ్చింది. పెద్దావిడ, ఆ దీవికి మంత్రిణి. ఎందరో రాజుల తగవులు తీర్చిన మనిషి. విడిదిలో కాళ్లు కడుక్కుంటూనే అడిగింది.

"నాయనా, నేను మీ కొలువుకు ఇదివరకొకసారి వచ్చాను. నోరు విప్పనివ్వలేదు. ఈసారీ అంతేనా?"

"అంతేనమ్మా," అన్నాడు ఓబయ్య. "ఇంతకీ విషయమేమిటి?"

"మీ రాజు కొండదారి మూయించాడు. అవతలి రెండు రాజ్యాలకూ ఉప్పు అందడం లేదు. ఆ ఇద్దరు రాజులూ పుట్టు శత్రువులు. చప్పిడి కూడు తిని తిని ఇప్పుడు ఒకటయ్యారు. పౌర్ణమికి మీ సరిహద్దు కోట మీద పడతారు. దారి తెరిస్తే ఆగుతారు. ఈ మాట మీ రాజు చెవిన వేసి వస్తానని బతిమాలి, అప్పటిదాకా వాళ్లను ఆపి వచ్చాను."

ఆ కోటలోనే ఓబయ్య అల్లుడు కాపలా ఉన్నాడు. పెళ్లయి ఏడాది కూడా తిరగలేదు. పోనీ తానే వెళ్లి చెబుదామంటే, రాజు అతని మాట వినాలంటే ముందు రాజుగారి మాట అయిపోవాలి కదా!

కాసేపు గడ్డం గోక్కుని, ఓబయ్య చిన్నగా నవ్వాడు. "అమ్మా, రేపు కొలువులో తాంబూలం మీరే ఇవ్వండి. మిగతాది నేను చూసుకుంటాను."

మర్నాడు కొలువు నిండింది. రాజు మీసం దువ్వి, ముత్తాతను తలుచుకోబోతుండగా ఓబయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"మహాప్రభూ! సూరమదేవిగారు తమకు తాంబూలం సమర్పిస్తారట. ఎదుటి రాజు గొప్పతనాన్ని బట్టి వారు తాంబూలం చుట్టిస్తారు. పొరుగు రాజుకు నిమ్మకాయంత ఇచ్చారట."

"మరి నాకో?"

"బత్తాయంత, ప్రభూ. కానీ అంతది తమ నోటికి..."

"ఏం, నా నోరు చిన్నదా?"

"ఆ మాట తమ శత్రువులు కూడా అనరు, ప్రభూ."

రాజు గర్వంగా నోరు తెరిచాడు. ఆకులు, వక్కలు, కాచు, లవంగాలు, కొబ్బరి అన్నీ కూరిన ఆ ముద్ద లోపలికి వెళ్లింది. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. రాజు వేలెత్తి ప్రశ్న మొదలుపెట్టబోయాడు. "మ్మ్మ్" అన్న మోత తప్ప మరేమీ రాలేదు. లేవబోయాడు. ఓబయ్య వినయంగా స్తంభం వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. రాజు స్తంభం వైపు చూశాడు, దాని మీద తన ముద్ర చూశాడు, చతికిలబడ్డాడు.

సూరమదేవి తీరిగ్గా మొదలుపెట్టింది. ఆ కొలువులో అతిథి గొంతు వినబడటం అదే మొదలు. రోజూ కునికే ముసలి పురోహితుడు ఉలిక్కిపడి లేచాడు. రాజు చేతులూపాడు, కనుబొమలెగరేశాడు, గడ్డం మీదికి ఎర్రగా కారుతున్నది తుడుచుకున్నాడు. ఉప్పు మాట వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. పౌర్ణమి మాట వచ్చేసరికి నమలడం కూడా మానేశాడు.

ఆమె మాట ముగించగానే రాజు ఉమ్మి వచ్చి, "కొండదారి తెరిపించండి! ఇవాళే, ఇప్పుడే!" అని అరిచాడు. సూరమదేవికి నమస్కరించాడు. తర్వాత ఓబయ్య మీదికి తిరిగాడు.

"నిండు సభలో నా నోరు కట్టేస్తావా? నీ తల తీయిస్తాను!"

"తల తమదే, ప్రభూ. పోయేముందు ఒక్క సందేహం. ఆమధ్య వచ్చిన సేనాపతి తమతో ఏమన్నాడు?"

"నా గుర్రపు దళం వంటిది భూలోకంలోనే లేదన్నాడు!"

"అది తమరన్నారు, ప్రభూ. ఆయన తలూపాడు."

"ఓడల షావుకారు నా రేవును మెచ్చుకోలేదూ?"

"మెచ్చుకున్నదీ తమరే. షావుకారు దగ్గాడంతే."

"పోనీ, ఆ పీఠాధిపతి స్వామి! రాజధర్మం గురించి ఎంత చక్కగా చెప్పారు!"

"స్వామివారిది అప్పుడు మౌనవ్రతం, ప్రభూ."

రాజు నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. తర్వాత ఒక్కసారిగా పొట్ట పట్టుకుని, కిరీటం పక్కకు ఒరిగిపోయేంతగా నవ్వాడు. అది చూసి సభంతా విరగబడి నవ్వింది.

"కోరుకో ఓబయ్యా! అసలు నీకేం కావాలో నాకు తెలుసులే. ఊరి బయట మామిడితోట మీద నీకు ఎప్పటి నుంచో కన్నుందని మా ముత్తాతగారి కాలంలోనే..." అంటూ చటుక్కున ఆగి, అరచేత్తో తన నోరు తానే మూసుకున్నాడు.

ఓబయ్యకు నవ్వు వచ్చింది, కళ్లు కూడా చెమర్చాయి.

"మా అల్లుణ్ణి ఒకసారి ఇంటికి పంపించండి, ప్రభూ. మా అమ్మాయి రోజూ వీధి గుమ్మంలోనే కూర్చుని అన్నం తింటోంది."

రాజు నోటి మీది చెయ్యి తీయకుండానే తలూపాడు. రెండో చేత్తో తన ముత్యాల దండ తీసి ఓబయ్య మెడలో వేశాడు.