తరఫ్ తీగల మధ్య గుడ్డపీలిక

కోమలికి తన గిటార్ అంటే భయం పట్టుకుంది. తను మీటే తీగలతో ఏ పేచీ లేదు. భయమంతా మీటని తీగలంటేనే.

అది ఒళ్లో పడుకోబెట్టుకుని, ఉక్కు కడ్డీ జారుస్తూ వాయించే హిందుస్తానీ గిటార్. అందులో మామూలు తీగలకు కాస్త కిందుగా సన్నటి తీగలు ఇంకో పన్నెండు ఉంటాయి. తరఫ్ తీగలంటారు. వాయించేటప్పుడు వాటిని వేలితో ముట్టుకోరు. పైన ఒక స్వరం పలికితే, ఆ స్వరానికి శ్రుతి చేసిన తరఫ్ తీగ తనంతట తానే గొంతు కలుపుతుంది. శ్రుతి కుదిరితే గదంతా మోగుతుంది. కుదరకపోతే వాయించేవాళ్ల పరువు బజారున పడుతుంది.

కోమలి పరువు పోయిన నెలే పడింది. మారేడుపల్లిలో ఒకరింట్లో వాయిస్తుంటే తరఫ్‌లో ఏదో తీగ అపస్వరం పట్టుకుని వదల్లేదు. ఏ తీగో ఆమెకు అంతుపట్టలేదు. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పట్నుంచి ఆమెకు కంటి నిండా నిద్ర లేదు.

శ్రుతి చూసే మిషను ఒకటి కొనుక్కొచ్చింది. తీగ సరిగ్గా ఉంటే దానిమీద పచ్చలైటు వెలుగుతుంది. కానీ ఒక తీగ బిగిస్తే ఆ లాగుడికి ఇంకో తీగ దిగుతుంది, దాన్ని బిగిస్తే మొదటిది దిగుతుంది. పచ్చలైటు వెంట పరుగెత్తి పరుగెత్తి ఆమె ప్రాణం విసిగింది.

చివరికో తెలివైన పని చేసింది. భయపడ్డవాళ్లకు తెలివి కాస్త ఎక్కువే పనిచేస్తుంది మరి! పాత ఉన్ని శాలువా అంచు కత్తిరించి, ఆ పీలికను తరఫ్ తీగల మధ్య అల్లినట్టు దూర్చింది. పన్నెండు తీగలూ గప్‌చుప్. ఇక తప్పు పలకవు, ఒప్పూ పలకవు. గురువు అంబాదాసు అప్పుడు ఊళ్లో లేరు కాబట్టి ఈ సంగతి ఆయన చెవిన పడలేదు.

ఆయన తిరిగొచ్చింది తన గురువు వర్ధంతి రోజునే. ఏటా ఆ రోజు చిలకలగూడలో అంబాదాసు ఇంట్లో చిన్న కచేరీ జరుగుతుంది. ఈసారి వాయించేది కోమలి. బాగుందనిపిస్తే ఆయన అందరి ముందూ శిష్యుల ముంజేతికి ఎర్రదారం కడతారు. అప్పుడే వాళ్లు ఆ ఇంటి సంగీతానికి వారసులైనట్టు. అనిపించకపోతే దారం ఆయన జేబులోనే ఉండిపోతుంది. కిందటేడు ఒకతనికి అలాగే జరిగింది. అతను మళ్లీ గిటార్ ముట్టలేదు.

కోమలి జంపఖానా మీద కూర్చుంది. అరచేతులు తడితడిగా ఉన్నాయి. పక్కనే కూర్చున్న గురువుగారి జుబ్బా జేబులోంచి ఎర్రదారం కొస కనిపిస్తోంది. అటు చూడకూడదనుకుంటూనే చూసింది.

"షడ్జమం వలికియ్ బిడ్డా," అన్నారు అంబాదాసు.

పలికించింది. స్వరం సరిగ్గానే ఉంది. కానీ ఎండిపోయినట్టుంది.

ఆయన కాస్త వంగి చూశారు. రెండు వేళ్లు తీగల మధ్యకు పోనిచ్చి, మెల్లగా పీలికను బయటికి లాగారు. కూర్చున్నవాళ్లంతా చూశారు.

కోమలికి పై ప్రాణాలు పైనే పోయాయి. దారం సంగతి దేవుడెరుగు, రేపట్నుంచి ఈ గడప తొక్కనిస్తారా అనిపించింది.

ఆయన పీలికను ఒకసారి దులిపి ఆమె అరచేతిలో పెట్టారు.

"చేతులు చెమట వట్టినయి. తుడుచుకో."

"గురూజీ, అవి తప్పు పలుకుతయి," అంది ఆమె.

"పలకనియ్. పలకనిదాన్ని ఎట్ల దిద్దుతవు?"

ఆమె చెయ్యి మిషను కోసం సంచి వైపు వెళ్లింది. ఆయన సంచిని తన వెనక్కి జరుపుకున్నారు.

ఇక దిక్కులేక కోమలి కడ్డీ తీసుకుని మెల్లగా ఒక్కో స్వరం మీదికి జారింది. షడ్జమానికి తరఫ్ పలికింది. రిషభానికీ పలికింది. గాంధారం దగ్గర పైస్వరం, కిందితీగ ఒకదాన్నొకటి రాసుకుని వణికాయి. అదే పాత అపస్వరం. అందరికీ వినబడింది. తీగల నోరు నొక్కడానికి ఆమె చెయ్యి అలవాటుగా కిందికి దిగింది. సగంలో ఆగింది.

కళ్లు మూసుకుని మళ్లీ గాంధారం పలికించింది. ఆ వణుకును చివరిదాకా విన్నది. ఒక్కో తీగకూ వేలు ఆనించి చూసింది. ఒకదానికి ఆనించగానే వణుకు ఆగింది. దాన్ని బిగించే బిరడాను వెంట్రుకవాసి తిప్పింది. వణుకు నెమ్మదించింది. ఇంకాస్త తిప్పింది. ఆ లాగుడికి పక్కన ఇంకోటి దిగడం కూడా ఆమెకు వినబడింది. దాన్నీ సరిచేసింది.

ఈసారి గాంధారం పలికించి చెయ్యి తీసేసింది. ఆమె చెయ్యి తీశాక కూడా గది మోగుతూనే ఉంది.

అంబాదాసు జేబులోంచి దారం తీసి ఆమె ముంజేతికి చుట్టడం మొదలుపెట్టారు.

కోమలి బిత్తరపోయింది. "నేనింకా ఏం వాయించలే గురూజీ."

"విన్నవు గద," అన్నారాయన, ముడి బిగిస్తూ.