నాక్ సెన్సర్ బిగింపు

సీతాపతి మాస్టారు గీతాపాఠం కుర్చీలో కూర్చునే చెప్పేవారు గాని, సందేహాలకు మాత్రం చేతిలో ఏదో ఒక పని ఉంటే తప్ప జవాబిచ్చేవారు కారు. పాలిటెక్నిక్‌లో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన మనిషి. తన పాతకారును మెకానిక్కుకిచ్చిన పాపాన పోలేదు.

ఒక ఆదివారం శిష్యుడు ముకుందం దిగాలుగా వచ్చాడు. "గురువుగారూ, హాస్టల్లో చేరాక మా శ్రావ్య నాతో మాట్లాడటమే మానేసిందండి. ఏం చెప్పినా వాళ్ల పిన్నితోనే. ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు అని గంటకోసారి కనుక్కుంటూనే ఉన్నాను. పిల్లలోనే ఏదో తేడా ఉందంటారా?" అన్నాడు. తల్లి లేని ఒక్కగానొక్క కూతురు. ఆమె దూరమైతే అతనికి మిగిలేదేమీ లేదు.

"ఆ స్పానర్ ఇలా అందుకో" అన్నారు మాస్టారు.

కారులో నాక్ సెన్సర్ పాడయింది. ఇంజనులో టకటకమని చెడ్డ చప్పుడొస్తే కనిపెట్టే చెవి అది. అది చెప్పగానే బండి జోరు తగ్గించుకుంటుంది. బ్యాటరీ తీగ ఊడదీసి, పాతది విప్పి, మసి తుడిచారు. కొత్తదాన్ని ముకుందం బిగించాడు. ఎక్కడ ఊడిపోతుందోనని పళ్లు బిగబట్టి, ఇక తిరగనంతవరకు తిప్పాడు. మాస్టారు చూస్తూ ఊరుకున్నారు. అనుభవమైతే గాని వినని మొండిఘటాలు ఆయనకు కొత్తేమీ కాదు.

ఎలా నడుస్తుందో చూద్దామని ఇద్దరూ బయల్దేరితే, ఫ్లైఓవర్ సగం ఎక్కేసరికి కారు ఆయాసపడింది. వెనక ఆటోవాళ్లు హారన్లతో దుమ్మెత్తిపోశారు.

"ఇంజనే చెడిందండి, విప్పించాల్సిందే!"

"చెడ్డ చప్పుడేమైనా నీకు వినబడిందా?"

"లేదండి."

"నువ్వు బిగదీసిన ఆ చెవికి వినబడింది."

ఇంటికొచ్చి ఇంజను చల్లారాక, బోల్టు వదులు చేయించి, ఈసారి కొలతపెట్టి బిగించే రెంచి చేతికిచ్చారు. తగినంత బిగువు రాగానే అది టక్కుమంది. ముకుందం చేయి అలవాటుకొద్దీ ఇంకాస్త తిప్పబోయింది. మాస్టారు మెల్లగా మణికట్టు పట్టుకున్నారు.

ఈసారి కారు ఫ్లైఓవర్‌ను అవలీలగా ఎక్కేసింది.

"మరి ఇంజను?"

"నిక్షేపంలా ఉంది. మొదటినుంచీ ఉంది."

 ముకుందం జేబులోంచి ఫోను తీశాడు.

"ఏమడుగుతావు?" అన్నారు మాస్టారు.

"అన్నం తిన్నావా తల్లీ అని..." అన్నాడు ముకుందం.

మాస్టారు అతని భుజం తట్టి, "చాలు నాయనా. ఇంకో చుట్టు తిప్పకు" అన్నారు.