ఊర్జస్వంతుడి మధ్యాహ్నపు కునుకు

పూర్వం, మనుషులు దేవతలతో ముఖాముఖి మాట్లాడుకునే కాలంలో, విరజానదీ తీరాన వెలసిన భానుమతీపురాన్ని ఊర్జస్వంతుడనే రాజు ఏలుతుండేవాడు. పరాక్రమవంతుడూ, సత్యసంధుడూ, దీనజనబాంధవుడూ అయిన ఆ మహారాజు యౌవనంలోనే ఘోరతపస్సు చేసి, సహస్రకిరణుడైన సూర్యభగవానుణ్ణి మెప్పించి, విచిత్రమైన వరమొకటి సంపాదించాడు. ఆకాశంలో సూర్యుడున్నంతసేపు తాను నిద్రపోకుండా ఉన్నన్నాళ్లూ శత్రువెవడూ తన కోటగుమ్మం దాటలేడన్నది ఆ వరం. అడిగినవాడు అడిగాడు, ఇచ్చినవాడు ఇచ్చాడు, మధ్యలో మనమెవరం కాదనడానికి?

రాజు మేలుకుని ఉంటే కొలువులో ఇంకెవరు కన్ను మూస్తారు చెప్పండి. భోజనాలయ్యాక మంత్రులు మిరియాలు నములుతూ, కళ్లకు చన్నీళ్లు అద్దుకుంటూ, ఒకరి తొడ ఒకరు గిల్లుకుంటూ, మహాజ్ఞానుల్లా తలలాడిస్తూ కూర్చునేవారు. రాజుగారి పొద్దుటి తీర్పులకు జనం చేతులెత్తి మొక్కేవారు. మధ్యాహ్నం తీర్పని తెలిస్తే మాత్రం ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చేవారు. ఆ తేడా అందరికీ తెలుసు, రాజుకు చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

అలా ఉండగా ఒక గ్రీష్మంలో, పట్టపగలు, నగర ధాన్యాగారం తగలబడింది. దాని కాపలాదారైన నాగదత్తుడే నిప్పు పెట్టాడని అతడి కింద పనిచేసే జంభకుడు సాక్ష్యం చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం, భుక్తాయాసంతో బరువెక్కిన కళ్లను బలవంతాన తెరిచి పట్టుకుని, ఊర్జస్వంతుడు ఆ సాక్ష్యం విన్నాడు. విన్నాడని మనం అనుకోవాలి. నిందితుడు ఏదో చెప్పబోతే విసుక్కుని, సూర్యాస్తమయానికి శిరచ్ఛేదం చేయమని ఆజ్ఞాపించాడు. మిరియాలు నములుతున్న మంత్రులు ఔనౌనన్నారు.

నాగదత్తుడి భార్య రోచన నిండు చూలాలు. ఆ సాధ్వి మండుటెండలో, కాళ్లు బొబ్బలెక్కుతున్నా ఆగకుండా, ఏటి ఒడ్డున ఆశ్రమంలో ఉన్న రాజగురువు శాంతాయన మహర్షి దగ్గరకు పరుగెత్తింది. తపోనిధీ, సకలశాస్త్రవేదీ, కరుణాసముద్రుడూ అయిన ఆ మహాత్ముడు అప్పుడేం చేస్తున్నాడయ్యా అంటే, అన్నం తిని, జింకచర్మం మీద చేయి తలకింద పెట్టుకుని, హాయిగా కునుకు తీస్తున్నాడు. శిష్యులు ఆమెను గుమ్మంలోనే ఆపబోయారు. ఈలోగా ఆయనే లేచి, కసురుకోకుండా ముఖం కడుక్కుని, ఆమెకు ముందు మజ్జిగ ఇప్పించి, చెప్పినదంతా మొదటినుంచి చివరిదాకా ఒక్క అడ్డుమాట లేకుండా విన్నాడు. అలా వినగలవాడు దొరకడం ఎంత భాగ్యమో కష్టంలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. వెంటనే ఆమెను వెంటబెట్టుకుని రాజమందిరానికి బయలుదేరాడు.

రాజు ఎదురొచ్చి అర్ఘ్యపాద్యాదులిచ్చి కూర్చోబెట్టాడు. మహర్షి కుశలప్రశ్నల జోలికి పోలేదు.

"రాజా, ఈమె భర్త దోషి అవునో కాదో నాకు తెలియదు. నువ్వు విన్నావు కదా, సాక్షి ఏమన్నాడో చెప్పు" అన్నాడు.

ఊర్జస్వంతుడు నోరు తెరిచాడు. ఏవో మాటలు గుర్తున్నాయి గాని ఒకదానికొకటి అతకడం లేదు. గోడ అన్నాడు, కొరివి అన్నాడు, తరవాత ఏమన్నాడో మనసుకు అందలేదు. ఏమీ గుర్తులేని మాటలు పట్టుకుని ఒక మనిషి తల తీయమన్నానా అని ఆ మహారాజు సిగ్గుతో కుంచించుకుపోయాడు.

"మళ్లీ వింటాను మహర్షీ, సాక్షిని పిలిపిస్తాను" అన్నాడు.

"ఈ కళ్లతో వింటే మళ్లీ ఇంతే. ముందు అరఘడియ పడుకో."

"పడుకుంటే వరం పోతుంది. సరిహద్దులో శత్రువులు పొంచి ఉన్నారు. ఒక్కడి కోసం ఊరంతటినీ ఎలా ఒదులుకోను?"

గుమ్మం పక్కన స్తంభానికి చేరగిలబడి, కడుపు మీద చేయి వేసుకుని నిలబడిన రోచన మెల్లగా అంది. "మహాప్రభూ, ఆ ఊళ్లో నా పెనిమిటి కూడా ఉన్నాడు గదా."

ఊర్జస్వంతుడు కిరీటం తీసి పక్కన పెట్టి, సూర్యుడి దిక్కుగా నమస్కరించి, చల్లని నేలమీదే ఒరిగాడు. ఆహా, ఆ కునుకును ఏమని పొగడను! ఎన్నో ఏళ్లుగా ఆ శరీరం అడుగుతున్నదీ, ఆయన ఇవ్వనిదీ అదొక్కటే. పసిబిడ్డను జోకొట్టినట్టు మహర్షి విసనకర్ర విసురుతుంటే, బిగిసిన కనుబొమలు విడిపోయి, పళ్ల కొరుకుడు ఆగి, రాజు ముఖం చాలాకాలానికి రాజు ముఖంలా కనిపించింది. అరఘడియకల్లా లేచాడు. కడిగిన పలకలా ఉంది మనసు.

సాక్షిని పిలిపించాడు. సరిగ్గా నడిమధ్యాహ్నపు శంఖం ఊదుతుండగా, మనిషి ముఖం కనబడలేదు గాని, కొరివి పట్టుకున్న నాగదత్తుడి నీడ ఎదుటి గోడమీద నిలువెత్తున పడగా చూశానని జంభకుడు ఇందాకటి పాఠమే అప్పజెప్పాడు.

"ఎండాకాలం, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, గోడమీద నిలువెత్తు నీడ ఎలా పడిందయ్యా?" అని రాజు నెమ్మదిగా అడిగాడు.

కొలువంతా ఉలిక్కిపడింది. జంభకుడు నాగదత్తుడి పదవిమీద కన్నేసి తానే నిప్పు పెట్టానని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. కొత్త ధాన్యాగారం లేచేదాకా రాళ్లు మోయమని వాడిని పంపి, రాజు స్వయంగా వధ్యస్థలానికి నడిచివెళ్లి, నాగదత్తుడి కట్లు తన చేతులతోనే విప్పి, జనమంతా చూస్తుండగా తన తప్పు మన్నించమని వేడుకున్నాడు. రోచన అప్పుడు ఏడ్చింది, అప్పటిదాకా ఏడవలేదు.

అస్తాద్రికి చేరబోతున్న భాస్కరుడు అరుణకాంతులు వెదజల్లుతూ రాజు ఎదుట ప్రత్యక్షమయ్యాడు. వ్రతం చెడింది, శిక్షకు సిద్ధమని ఊర్జస్వంతుడు చేతులు జోడించాడు.

"రాజా, నడిమింటికి చేరగానే నేనూ రథం ఒక లిప్తపాటు నిలిపి గుర్రాలను ఊపిరి పీల్చుకోనిస్తాను. నిలపని నాడు సాయంత్రానికి అవి దారి తప్పుతాయి. నువ్వు మారాం చేసి అడిగావు గనుక ఆ వరం ఇచ్చాను. పోయిన వరం తిరిగి రాదు. ఇంకొకటి కోరుకో" అన్నాడు దినకరుడు.

"దేవా, అలసిన బుద్ధి చేతిలో ఇంకెవరూ నలిగిపోకుండా అనుగ్రహించు."

"తథాస్తు. మధ్యాహ్నం తిన్నాక అరఘడియ కునుకు తీసేవారికి పగటినిద్ర పాపం, అదే దివానిద్రాదోషం, అంటదు. లేచాక వారి బుద్ధిలో నేనే వెలుగుతాను. దీపాలు పెట్టేదాకా పొర్లేవారి సంగతి మాత్రం నన్నడగవద్దు" అని ఆ లోకబాంధవుడు అంతర్ధానమయ్యాడు.

వరం పోయిందని విని శత్రువులు ఆ శరత్తులోనే దండెత్తి వచ్చారు. వంతులవారీగా నడుం వాల్చి లేచిన సైనికులు వారిని విరజ అవతలిదాకా తరిమికొట్టారు. కోటగుమ్మం దగ్గర నాగదత్తుడు దెబ్బతిన్నా బతికాడు. భానుమతీపురంలో ఆ తరవాత ధర్మం నాలుగు పాదాలా నడిచింది.

ఈ కథ విన్నవారు, ఇంట్లోవాళ్లమీదో పనివాళ్లమీదో కోపం ముంచుకొచ్చినప్పుడు, నోరు విప్పేముందు కాస్త నడుం వాల్చి లేస్తే పుణ్యమంతా వారిదే. వింటూ వింటూ ఇక్కడే కునికిపాట్లు పడిన వెనక వరుస మహానుభావులకు కూడా అంతే ఫలం దక్కుతుంది. ఎవరూ వారిని తట్టి లేపకండి, పాపం, సాయంత్రం ఇంటికి వెళ్లి ఎవరికో ఏదో తీర్పు చెప్పాలి.