బంగారు దానిమ్మ, వెండి దానిమ్మ

అనగా అనగా పారసీక దేశంలో ఒక రాజు. ఆ రాజుకు పదివేలమంది మేటి కాల్బలం. జనం వాళ్లను 'చావులేనివాళ్లు' అనేవారు. వాళ్లు చావరని కాదు. ఒకడు నేలకూలినా, జబ్బుపడినా, వెంటనే ఇంకొకడు ఆ చోట్లోకి వచ్చేవాడు. లెక్క తగ్గేది కాదు, పెరిగేదీ కాదు.

వాళ్లలో వెయ్యిమంది బల్లేలకు అడుగున బంగారు దానిమ్మపండు ఉండేది. మిగిలినవాళ్లకు వెండిది.

ఫర్నాకది వెండి. పక్క గుడారంలోని బాగదాతది బంగారం. ఇద్దరిదీ ఒకే ఊరు. ఒకే ఏడు కొలువులో చేరారు. బాగదాత బల్లెం ఎండలో మెరిసినప్పుడల్లా ఫర్నాకకు కళ్లల్లో కారం కొట్టినట్టుండేది. రొట్టె సయించేది కాదు.

"నీకూ వస్తుందిలేరా," అనేవాడు బాగదాత. ఆ మాటకు ఫర్నాకకు ఇంకా మండేది.

ఒకనాడు ఫర్నాక దళపతి దగ్గరకు వెళ్లాడు. "అయ్యా, బాగదాతకు పాడు దగ్గు. పైకి కనపడనివ్వడం లేదు."

దళపతి బాగదాతను పిలిచి యుద్ధకేక వేయమన్నాడు. ఆ కేకకు గుర్రాలు కట్లు తెంచుకున్నాయి.

కొన్నాళ్లకు మళ్లీ వెళ్లాడు. "అయ్యా, కాలు ఈడుస్తున్నాడు."

దళపతి కోట మెట్లన్నీ ఎక్కి దిగమన్నాడు. బాగదాత దిగివచ్చి, "ఇంకోసారి ఎక్కమంటారా?" అన్నాడు.

మూడోసారికి ఫర్నాక రాజుగారి ఊరేగింపు రోజు చూసుకున్నాడు. "దళపతిగారు నిన్ను గుర్రపుసాలకు రమ్మన్నారు. బల్లెం నేను చూస్తాలే," అని బాగదాతను దూరంగా పంపేశాడు. తన బల్లెంతో పాటు ఆ బల్లెమూ పట్టుకుని దళపతి దగ్గరకు పరుగెత్తాడు.

"జ్వరమయ్యా! లేవలేకున్నాడు!"

భేరి మోగుతోంది. వెళ్లి చూసే వ్యవధి లేదు. "సరే, అతని చోట్లో నువ్వు నిలబడు," అన్నాడు దళపతి.

ఫర్నాక తన వెండి బల్లెం కింద పెట్టాడో లేదో, చోటు కోసం కాచుకుని ఉన్న కొత్త సైనికుడు దాన్ని అందుకున్నాడు.

అంతలో బాగదాత రొప్పుతూ వచ్చాడు. "గుర్రపుసాలలో మీరు లేరేమయ్యా? నా చోట్లో వీడెందుకున్నాడు?"

దళపతికి సంగతి అర్థమైంది. ఫర్నాక చేతిలోని బంగారు బల్లెం లాగి బాగదాతకు ఇచ్చాడు.

ఫర్నాక వెండి బల్లెం కోసం చెయ్యి చాచాడు. కొత్తవాడు వదల్లేదు. "ఈ చోటు ఖాళీ లేదన్నా."

"పోనీ, వెనకైనా నిలబడనివ్వండయ్యా," అని బాగదాతే బతిమాలాడు.

"పదివేలకు పైన ఒకడా? ఈ సేనలో అలాంటి చోటు లేదు," అన్నాడు దళపతి.

సేన కదిలింది. ఫర్నాక దారి పక్కన, జనంలో, దుమ్ములో మిగిలాడు. దూరమైపోతున్న బల్లేల్లో ఈసారి అతని కళ్లు వెండి దానిమ్మనే వెతికాయి.

ఎదుటివాడి చోటు మీద కన్నేసినవాడికి చివరకు తన చోటూ మిగలదు.