నాంచారమ్మగారు కొయ్యని పువ్వులు

అనగనగా ఒక ఊళ్ళో ఒక ఇల్లాలు ఉండేది. మరీ రాజుల కాలం కాదులే తల్లీ, ఇళ్ళకి కాలింగ్ బెల్లులు వచ్చేశాకే. ఆమె ఇంటి ముందు రెండు నందివర్ధనాలు, ఒక ముద్దమందారం ఉండేవి.

పక్కింట్లో నాంచారమ్మ అని ఒక పెద్దావిడ. పాపం, చూపు ఆనేది కాదు. అయినా రోజూ పొద్దున్నే గోడ పట్టుకుని వచ్చి, ఈ ఇంటి పూలు కోసుకుని పూజ చేసుకునేది. చెయ్యి చాస్తే చాలు, పువ్వు దొరికేది. అంతకంటే దూరం నడిచే ఓపిక ఆవిడకి లేదు.

అలా ఉండగా, ఆ ఇల్లాలు ఒక పత్రికలో ఒక ఇంటి బొమ్మ చూసింది. ముందంతా నున్నటి టైల్స్, ఎక్కడా ఒక్క ఎండుటాకు లేదు. అంతే, మనసు దాని మీద పడింది. ఆకులు రాలుతున్నాయంది. చీమలు పడుతున్నాయంది. గొంగళిపురుగులు పాకుతున్నాయంది. చెయ్యాలనుకున్నదానికి వంకలు కరువా?

అప్పుడు ఒక మధ్యాహ్నం మనిషిని పెట్టి చెట్లు కొట్టించేసింది. టైల్స్ వేయించింది. కుండీల నిండా ప్లాస్టిక్ మందారాలు గుచ్చింది. నాంచారమ్మగారికి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది కానీ, చెప్పలేదు.

ఆ తర్వాత మొదటిరోజు పొద్దున్నే నాంచారమ్మగారు వచ్చింది. చెయ్యి చాచింది. పువ్వు పట్టుకుని లాగింది, రాలేదు. మళ్ళీ లాగింది. వేళ్ళతో మెల్లిగా తడిమి చూసింది. నేను కిటికీ వెనకాల నక్కి చూస్తున్నాను.

"నువ్వా అమ్మమ్మా?"

ఆ, నేనేనే. ఇల్లాలు, ఇల్లాలు అని ఎంతసేపు దాస్తాను?

ఆవిడకి తెలిసిపోయింది. కానీ నా అలికిడి విని, "ఇంకా విచ్చలేదు అమ్మాయ్, రేపొస్తాలే" అంది. రెండోరోజు వచ్చి, "మంచుకి బిగుసుకున్నాయి" అంది. నేను తలుపు చాటునుంచి ఊఁ అన్నాను.

మూడోరోజు మీ తాతయ్య చెల్లెలు కొత్త వాకిలి చూడ్డానికి వచ్చింది. నేను గొప్పగా అన్నీ చూపిస్తున్నాను. అప్పుడే నాంచారమ్మగారు గేటు దగ్గర కనబడింది, చేతిలో ఖాళీ బుట్ట.

"ఏం మామ్మగారూ, పూలకా? ఈ ఇంట్లో కొయ్యడానికి పూలెక్కడున్నాయి?" అని మా ఆడపడుచు నవ్వింది.

నాంచారమ్మగారు తడుముకోకుండా, "అమ్మాయే రోజూ ఇంటికి తెచ్చిస్తుందమ్మా. ఊరికే పలకరించిపోదామని వచ్చాను" అంది.

నాకు తల తీసేసినట్టయింది. నా పరువు కోసం ఆ పెద్దావిడ అబద్ధమాడింది. పైన పటారం, లోన లొటారం అంటారే, అది నా వాకిలి కాదు తల్లీ, నేనే.

ఆ తర్వాత బజారు పూలు పట్టుకుని వాళ్ళింటికి పరిగెత్తాను. దేవుడి ముందు ఒక్క పువ్వు లేదు. పువ్వులకి బదులు అక్షతలు వేసి పూజ చేసుకుంటోంది. మూడు రోజులుగా అంతే.

"పిన్నిగారూ, నా మీద కోపం రాలేదా?" అన్నాను.

"నీ ఇల్లు, నీ ముచ్చట. కోపం దేనికే? కాకపోతే ఒక్కమాట చెప్పి కొట్టిస్తే, ఒక కొమ్మ తెచ్చి నా గుమ్మంలో గుచ్చుకునేదాన్ని కదా" అంది.

ఒక్కమాట. నా నోటికి అదే బరువైంది.

మర్నాడే సగం టైల్స్ పీకించి, నందివర్ధనం, మందారం నాటాను. అవి పూసేదాకా రోజూ నాలుగిళ్ళు తిరిగి పూలు అడిగి ఆవిడకి ఇచ్చొచ్చాను. ఏడాది తిరిగేసరికి మన నందివర్ధనం పూసింది. సంబరంగా ఆవిడని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

నాంచారమ్మగారు చెయ్యి చాచింది. పువ్వు దొరికింది. కానీ కొయ్యలేదు. ముందు ఒక రెక్కని రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, అప్పుడు కోసింది. బతికున్నన్నాళ్ళూ మన వాకిట్లో ప్రతి పువ్వుని అలాగే నలిపి చూసి కోసుకుంది.

నేను రోజూ పక్కనే నిలబడి చూసేదాన్ని. ఎందుకలా నలుపుతారని ఒక్కనాడూ అడగలేకపోయాను.

కథ పోయింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
సిగ్గు మిగిలింది అమ్మమ్మ వంతుకి,
పద తల్లీ, మనం మన ఇంటికి.